ఉత్తుత్తి డబ్బుతో అసలు పాఠం: క్లాసులో మాక్ ట్రేడింగ్ ఎలా నడపాలి

బీకాం, బీబీఏ, ఎంబీఏ సిలబస్‌లలో ఎక్కడో ఒకచోట పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ అనే యూనిట్ తగులుతుంది. 1952లో మార్కోవిట్జ్ అనే ఆర్థికవేత్త చెప్పిన సిద్ధాంతం (ఒకేలా కదలని పెట్టుబడులను కలిపితే రిస్కు తగ్గుతుందని), రిస్కు, రిటర్ను, ఒక గ్రాఫు, రెండు లెక్కలు. పరీక్ష అయ్యాక ఎవరికీ గుర్తుండదు. అదే పిల్లలు హాస్టల్‌కి వెళ్లాక ఫోన్లో ఆప్షన్ల (ముందు ముందు షేరు ధర ఎటు పోతుందోనన్న దాని మీద చేసుకునే ఒప్పందాల) ధరలు చూస్తూ కూర్చుంటారు. ఈ రెండింటినీ కలపడానికి మాక్ ట్రేడింగ్ పనికొస్తుంది. కానీ మామూలుగా అది జరిగే తీరు వేరు. అందరికీ ఒక యాప్‌లో కోటి రూపాయల ఉత్తుత్తి డబ్బిస్తారు, రెండు వారాలు గడువు పెడతారు, ఎక్కువ లాభం చూపించినవాడికి చివర్లో షీల్డు ఇస్తారు. ఇలాంటి పోటీలో గెలవాలంటే డబ్బంతా ఒక్క షేర్‌లో పెట్టేయడమే సరైన ఎత్తు. పోతే పోయేది ఉత్తుత్తి డబ్బే కదా. తెలివైన విద్యార్థి అదే చేస్తాడు. వాణ్ని అని లాభం లేదు, నియమాలే అలా ఉన్నాయి.

కాబట్టి నియమాలు మార్చాలి. లాభానికి మార్కులు లేకుండా, ఎందుకు కొన్నారో, ఎంత కొన్నారో, అనుకున్న మాట మీద నిలబడ్డారో లేదో చూసి మార్కులు వేయాలి. ఇది 12 వారాల సెమిస్టర్‌కు సరిపడే పద్ధతి. నలుగురేసి గ్రూపులు, వారానికి రెండు పీరియడ్లు, గూగుల్ షీట్స్ చాలు. మొదటి 6 వారాలు పాత ధరలతో, తర్వాతి 6 వారాలు ఇప్పటి మార్కెట్‌తో నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు: సెబీ ఏమంటోంది

షేర్ల ధరల మీద నడిచే ఆటలు, పోటీల గురించి షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2016 నుంచే హెచ్చరిస్తోంది. 2024 మే నెలలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం వర్చువల్ ట్రేడింగ్, ఫాంటసీ గేమ్‌లు నడిపేవాళ్లకు ఎక్స్ఛేంజీలు, బ్రోకర్లు రియల్ టైమ్ ధరలు ఇవ్వకూడదు. ఇన్వెస్టర్లకు అవగాహన కల్పించడానికైతే ఒక రోజు ఆలస్యంగా ఇవ్వొచ్చని అప్పట్లో చెప్పింది, అదీ పాల్గొనేవాళ్లకు డబ్బు ఆశ చూపించకుండా. అదే ఏడాది నవంబర్‌లో పేపర్ ట్రేడింగ్ (ఉత్తుత్తి డబ్బుతో ట్రేడింగ్) వేదికల జోలికి పోవద్దని జనాన్ని మళ్లీ హెచ్చరించింది. 2025 జనవరిలో ఇంకో మెలిక వచ్చింది. చదువు చెబుతున్నామంటూ గత మూడు నెలల ధరలు చూపించి ఫలానా షేరు మీద సలహాలిచ్చేవాళ్లతో బ్రోకర్లు, ఫండ్ సంస్థల్లాంటివి సంబంధం పెట్టుకోకూడదంది. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి. అందుకే ప్రతి సెమిస్టర్ మొదట్లో సెబీ వెబ్‌సైట్‌లో తాజా సర్క్యులర్లు ఒకసారి చూసుకోండి.

మీ క్లాసుకు సంబంధించినంతవరకు ఎంట్రీ ఫీజు, నగదు బహుమతి, లైవ్ ధరలు మూడూ వద్దు. "ఇది పెరుగుతుంది" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. ఏ బ్రోకింగ్ సంస్థవాళ్లో వచ్చి "పోటీ మేం స్పాన్సర్ చేస్తాం, మీ పిల్లలందరికీ డీమ్యాట్ ఖాతాలు తెరిపిద్దాం" అంటే టీ ఇచ్చి మర్యాదగా పంపించేయండి.

లైవ్ ధరలు లేకపోతే ఆసక్తి పోతుందేమోనని చాలామంది లెక్చరర్లు అనుమానపడతారు. నిజానికి పోయేది ఆసక్తి కాదు, టెన్షన్. ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు బెంచీ కింద ఫోన్ పెట్టుకుని ధరలు చూసే పని తప్పుతుంది. మిగతా సబ్జెక్టుల లెక్చరర్లు కూడా మిమ్మల్ని తిట్టుకోరు.

అడుగు 1: డబ్బు కంటే ముందు క్లయింట్‌ను ఇవ్వండి

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. డబ్బు ఎవరిదో తెలియకుండా పోర్ట్‌ఫోలియో ఉండదు. గ్రూపులన్నిటికీ తలా రూ. 5 లక్షలు ఇవ్వండి. యాప్‌లు ఇచ్చే కోటి రూపాయలు వద్దు, కోటి అంటే ఆ వయసు పిల్లలకు ఒక అంకె మాత్రమే. ఐదు లక్షలంటే నాన్న అప్పు, అక్క పెళ్లి ఖర్చు, రెండేళ్ల ఫీజు గుర్తొస్తాయి. తర్వాత చీటీలు వేసి ఒక్కో గ్రూపుకు ఒక్కో క్లయింట్‌ను అప్పగించండి. చీటీల మీద ఇలాంటివి రాయొచ్చు:

గుంటూరు జిల్లా మిర్చి రైతు. పంట అమ్మిన డబ్బు మార్చిలో చేతికొచ్చింది. ఇందులో రూ. 2 లక్షలు జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు, కౌలుకు కావాలి. మిగతాది అవసరం పడేదాకా ఉంచొచ్చు.

వరంగల్‌లో రిటైరైన ప్రైవేటు స్కూలు టీచరమ్మ. పెన్షన్ లేదు. ఈ డబ్బులోంచి నెలకు రూ. 3 వేలు ఇవ్వమంటోంది. అసలు తరగకూడదంటోంది.

దుబాయ్ నుంచి జగిత్యాల తిరిగొచ్చిన మేస్త్రీ. ఏడాదిన్నరలో సొంత షాపు పెట్టుకోవాలి. ఇంతకుముందు ఊళ్లో చిట్టీ వేసి కొంత పోగొట్టుకున్నాడు, కాబట్టి ఎవర్నీ నమ్మడు.

రాజమండ్రిలో టైలరింగ్ షాపు నడిపే తల్లి. రెండేళ్లలో కూతురి పెళ్లి. బంగారం ఎలాగూ కొనాలి.

హైదరాబాద్‌లో 24 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అప్పుల్లేవు. పదిహేనేళ్లదాకా ఈ డబ్బుతో పనిలేదు. అయితే రోజుకు పదిసార్లు పోర్ట్‌ఫోలియో చూసుకునే అలవాటుంది.

మొదటి వారం షేర్ల ఊసే ఎత్తకండి. ప్రతి గ్రూపూ తన క్లయింట్ కోసం ఒక పేజీ విధాన పత్రం రాయాలి. ఎంత డబ్బు ఎప్పుడు కావాలి, మధ్యలో ఎంత తగ్గినా తట్టుకోగలరు, షేర్లకు, డిపాజిట్లకు, బంగారానికి ఎంతెంత శాతం, ఏ పరిస్థితిలో మారుస్తారు అన్నవి అందులో ఉండాలి. ఈ పేజీ దగ్గరే సగం పాఠం అయిపోతుంది. టీచరమ్మ గ్రూపు లెక్క వేసి చూస్తే, నెలకు 3 వేలంటే ఏడాదికి 36 వేలు, అంటే 5 లక్షల మీద 7.2 శాతం అని తేలుతుంది. అసలు తరగకుండా, రిస్కు లేకుండా, ధరల పెరుగుదలను తట్టుకుంటూ ప్రతి ఏడాదీ అంత తీయడం కష్టం. "మేడమ్, మీరడిగింది కుదరదు" అని క్లయింట్‌కు చెప్పడం కూడా పోర్ట్‌ఫోలియో నిర్వహణలో భాగమే. ఆ మాట ఎలా చెబుతారో క్లాసులో చెప్పించండి. మిర్చి రైతు గ్రూపులో ఎవరో ఒకరు 5 లక్షలూ షేర్లలో పెడదామంటారు. మీరు అడ్డుపడొద్దు, కాగితం మీద రాయనివ్వండి. సమాధానం మార్కెట్టే చెబుతుంది.

అడుగు 2: కొనదగినవి, కొనకూడనివి

జాబితా చిన్నదిగా ఉండాలి. నిఫ్టీ 100 (ఎన్‌ఎస్‌ఈ స్టాక్ ఎక్స్ఛేంజీలోని వంద పెద్ద కంపెనీల సూచీ) షేర్లు, ఒక నిఫ్టీ ఈటీఎఫ్ (నిఫ్టీ సూచీలోని షేర్లన్నిటినీ కలిపి ఒక షేరులా కొనుక్కునే ఫండ్), ఒక గోల్డ్ ఈటీఎఫ్, త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగలిగే ఒక లిక్విడ్ ఫండ్, బ్యాంకు ఎఫ్‌డీ, అంతే. ఎఫ్‌డీ వడ్డీ రేటు సెమిస్టర్ మొదటి రోజున్నదే చివరిదాకా లెక్క. ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మడం), ఫ్యూచర్స్, ఆప్షన్లు, పది రూపాయల పెన్నీ స్టాకులు లేవు. "ఆప్షన్లు కూడా పెట్టండి సార్" అని తప్పకుండా అడుగుతారు. సెబీ 2024 సెప్టెంబర్‌లో విడుదల చేసిన అధ్యయనాన్ని గోడకు అంటించండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరూ కలిసి పోగొట్టుకున్నది రూ. 1.8 లక్షల కోట్లకు పైనే. దీని మీద ఉపన్యాసం అక్కర్లేదు, అంకె చాలు.

పరిమితులు రెండు పెట్టండి. ఒక కంపెనీలో 10 శాతానికి మించకూడదు, ఒక రంగంలో 30 శాతానికి మించకూడదు. పది శాతం అన్నది మీ సొంత కల్పన కాదు. మామూలు ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ కూడా ఒకే కంపెనీ షేర్లలో తన ఆస్తుల్లో 10 శాతానికి మించి పెట్టకూడదని సెబీ నియమం. రంగం పరిమితి మన దగ్గర ఇంకా అవసరం. హైదరాబాద్ పిల్లలు తమకు తెలిసిన పేర్లని డాక్టర్ రెడ్డీస్, దివీస్, అరబిందో కొనేసి, పక్కన సన్ ఫార్మా కూడా చేర్చి "నాలుగు కంపెనీల్లో పెట్టాం, డైవర్సిఫై చేశాం" అంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నుంచో, సుంకాల మీదో ఒక్క వార్త వస్తే చాలు, నాలుగూ కలిసి ఒకేరోజు పడతాయి. గత 24 నెలల రాబడులు షీట్‌లో పెట్టి కోరెల్ ఫంక్షన్‌తో ఏ రెండు షేర్లు ఎంతగా కలిసి కదులుతున్నాయో చూపించండి. మార్కోవిట్జ్ సిద్ధాంతం అక్కడ అర్థమవుతుంది, బోర్డు మీద గీసిన వంపుతో కాదు.

అడుగు 3: షీట్, ఆర్డర్ స్లిప్పు, ఖర్చులు

ప్రతి గ్రూపు షీట్‌లో మూడు ట్యాబ్‌లు. ఒకదాంట్లో లావాదేవీలు, ఒకదాంట్లో ప్రస్తుత నిల్వలు, మూడోదాంట్లో వారంవారం మొత్తం విలువ. రెడీమేడ్ యాప్ కంటే చేత్తో కట్టిన షీటే మేలని నా అభిప్రాయం. సగటు కొనుగోలు ధర, చేతిలోని నగదు, అమ్మకముందు కాగితం మీద ఉన్న లాభం, అమ్మాక చేతికొచ్చిన లాభం తామే లెక్కగట్టుకుంటే అవేమిటో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఆర్డర్ స్లిప్పు మాత్రం మీరే తయారుచేసి ఇవ్వండి. అందులో ఐదు గడులు: ఏం, ఎంత? విధాన పత్రంలో ఏ వాక్యం ప్రకారం? ఎందుకు, మూడు వాక్యాల్లో? ఏం జరిగితే మన ఆలోచన తప్పని ఒప్పుకుంటాం? ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? చివరి గడిని వదలనివ్వొద్దు. "టెలిగ్రామ్ ఛానెల్", "మా బావ చెప్పాడు" అని నిజాయితీగా రాసినా పూర్తి మార్కులివ్వండి. పది స్లిప్పులయ్యాక ఎన్ని సొంత ఆలోచనలో, ఎన్ని విన్నవో వాళ్లకే కనబడుతుంది.

ఇప్పటి మార్కెట్‌తో నడిపే 6 వారాలకు ఆర్డర్ నియమం ఇలా పెట్టండి. స్లిప్పు రాత్రి 9 లోపు ఇవ్వాలి, అమలయ్యేది మర్నాటి ముగింపు ధరకు. అంటే ధర తెలిశాక ఆర్డర్ రాసే వీలుండదు. ఈ ఒక్క నియమం లేకపోతే మొత్తం ఆట బోగస్ అయిపోతుంది. ముగింపు ధరలు ఎన్‌ఎస్‌ఈ రోజూ సాయంత్రం పెట్టే భావ్‌కాపీ ఫైల్‌లో దొరుకుతాయి. ఫండ్ల ఎన్‌ఏవీలు (యూనిట్ విలువలు) ఫండ్ సంస్థల సంఘం యాంఫీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. రెండూ ఉచితమే. గూగుల్ షీట్స్‌లో ఉన్న గూగుల్‌ఫైనాన్స్ ఫంక్షన్‌తో పాత ముగింపు ధరలు నేరుగా తెచ్చుకోవచ్చు, డివిడెండ్లు మాత్రం విడిగా రాసుకోవాలి.

బోనస్ (కంపెనీ ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే చెప్పి ఉంచండి. 2024 అక్టోబర్‌లో రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చినప్పుడు షేరు ధర ఒక్కరోజులో సగమైంది. షేర్ల సంఖ్య రెట్టింపు చేయని షీట్‌లో అది 50 శాతం నష్టంగా కనబడుతుంది. అలాంటి రోజు వస్తే క్లాసులో గోల గోల. ఆ గోల కూడా మంచిదే.

ఖర్చుల్ని వదిలేస్తే ట్రేడింగ్ ఉచితమనే భ్రమ మిగులుతుంది. డెలివరీ షేర్ల (కొని ఖాతాలో ఉంచుకునేవాటి) మీద ఎస్‌టీటీ అనే లావాదేవీల పన్ను కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ 0.015 శాతం. ఆ పైన ఎక్స్ఛేంజీ చార్జీలు, వాటిమీద జీఎస్టీ, అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతాకు పడే డీపీ చార్జీ. ఇవన్నీ విడివిడిగా వేయక్కర్లేదు, కొన్నా అమ్మినా 0.15 శాతం కోసేయండి. చిన్న అంకెలా ఉంటుంది. వారానికోసారి 5 లక్షలూ అమ్మేసి మళ్లీ 5 లక్షలకు కొనే గ్రూపుకు వారానికి 10 లక్షల మీద 1,500 రూపాయలు, 12 వారాలకు 18 వేలు పోతాయి. పెట్టుబడిలో 3.6 శాతం, ఏమీ సంపాదించకముందే. లాభం వస్తే దానిమీద స్వల్పకాలిక మూలధన లాభాల పన్ను ఉంది, 2024 జులై 23 నుంచి అది 20 శాతం. ఏడాది దాటి ఉంచుకున్న షేర్ల మీదైతే ఏడాదికి రూ. 1.25 లక్షల లాభం దాటాకే 12.5 శాతం. ఈ తేడాను ఒక గడిలో రాయించండి.

అడుగు 4: మొదటి 6 వారాలు, పేరు దాచిన పాత మార్కెట్

ఇప్పటి మార్కెట్ 12 వారాల్లో ఏం నేర్పుతుందో మన చేతిలో లేదు. అంతా ఒక్కలా పెరుగుతూ పోతే పిల్లలు తమని తాము మేధావులనుకుంటారు. అందుకే గతంలోంచి ఒక ముక్క తీసుకోండి. నా సిఫారసు 2019 జులై నుంచి 2021 జూన్ దాకా, 24 నెలలు. మొదటి వారం విధాన పత్రానికి పోయినా, పీరియడ్‌కు మూడు నెలల చొప్పున 8 పీరియడ్లలో పూర్తవుతుంది.

ఇలా తయారుచేయండి. 20 షేర్లు ఎంచుకుని నెలవారీ ముగింపు ధరలు తీయండి. కంపెనీ పేర్ల బదులు క, ఖ, గ అక్షరాలు పెట్టండి. ఏ రంగమో, అంతకుముందు మూడేళ్ల అమ్మకాలు, లాభం, అప్పు ఎంతో మాత్రం ఇవ్వండి. ధరలన్నీ మొదటి నెల 100గా మార్చండి, లేకపోతే అంకెలు చూసి కంపెనీలను, కాలాన్ని పట్టేస్తారు. మొదటి నెలల ధరలు ఇచ్చి, ఆర్డర్లు తీసుకుని, అప్పుడు తర్వాతి నెలలు తెరవండి.

ఒక జాగ్రత్త ఉంది. షేర్లను ఈనాటి నిఫ్టీ జాబితా నుంచి తీస్తే అన్నీ బతికి బట్టకట్టినవే వస్తాయి. ఏది కొన్నా గట్టెక్కినట్టే ఉంటుంది. 2019 జులైలో జాబితాలో ఉన్నవే తీయాలి. అప్పుడు యస్ బ్యాంక్ లాంటిది కూడా అందులో పడుతుంది. 2018 ఆగస్టులో రూ. 400 దాకా వెళ్లిన ఆ షేరు 2020 మార్చి మొదటి వారంలో రూ. 20 కిందకు పడింది. మార్చి 5న ఆర్‌బీఐ మారటోరియం పెట్టింది, అంటే ఖాతాల్లోంచి డబ్బు తీసుకోవడం మీద ఆంక్షలు. తర్వాత పునరుద్ధరణ పథకంలో, వందకు మించి షేర్లున్నవాళ్ల వాటాలో 75 శాతాన్ని మూడేళ్లు అమ్మకుండా బిగించారు. బాగా పడిపోయింది కదా, చౌకగా దొరుకుతోందని ఆ అక్షరాన్ని కొన్న గ్రూపు షీట్‌లో ఈ బిగింపును అమలు చేయండి. ధర పడటం ఒక రిస్కు, అమ్ముకోలేకపోవడం ఇంకో రిస్కు అని వేరే చెప్పక్కర్లేదు.

అసలు పరీక్ష 2020 మార్చి నెల తెరిచిన పీరియడ్‌లో వస్తుంది. 2019 డిసెంబర్ ముగింపులో నిఫ్టీని 100 అనుకుంటే జనవరి చివర 98, ఫిబ్రవరి చివర 92, మార్చి చివర దాదాపు 71. మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పడింది. ఆ పీరియడ్‌లో జనవరి, ఫిబ్రవరి ఒకసారి తెరిచి, మార్చి విడిగా తెరవండి. ఆర్డర్లకు పది నిమిషాలే ఇవ్వండి. ఎవరు అమ్మారో, ఎవరు ఆగారో, ఎవరు విధాన పత్రం తీసి చదువుకున్నారో మీరు రాసుకోండి. తర్వాత ఏప్రిల్ తెరవండి, 81. డిసెంబర్‌కు 115. మార్చిలో అన్నీ అమ్మేసి ఎఫ్‌డీలో పెట్టిన గ్రూపు మొహం చూడాలి. అయితే అక్కడే ఆపేస్తే "పడినప్పుడు అమ్మకూడదు" అనే మొండి సూత్రం ఒంటబడుతుంది. వెంటనే మిర్చి రైతు గ్రూపును లేపి అడగండి: జూన్‌లో ఎరువులకు 2 లక్షలు కావాల్సినవాడు మార్చిలో ఏం చేయాలి? అతను ఆగలేడు. ఆగగలిగే డబ్బే షేర్లలో ఉండాల్సింది అన్న మాట వాళ్ల నోటివెంటే వస్తుంది, మీరు అందించొద్దు.

ఆరో వారం చివర్లో ఒక పీరియడ్ సత్యం కంప్యూటర్స్ కోసం కేటాయించండి. కంపెనీని స అనండి. ఐటీ రంగం, పెరుగుతున్న అమ్మకాలు, బ్యాలెన్స్ షీట్‌లో వేల కోట్ల నగదు, సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ చోటు. 2008లో కార్పొరేట్ పాలనకు అవార్డు కూడా వచ్చింది. కొంటారా అని అడిగితే దాదాపు అందరూ చేతులెత్తుతారు. తర్వాత 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరం సారాంశం చదవండి. లెక్కల్లో చూపిన నగదులో రూ. 5 వేల కోట్లకు పైగా అసలు లేనే లేదు. షేరు ఒక్కరోజులో రూ. 179 నుంచి 40 దగ్గరకు, దాదాపు 78 శాతం పడింది. పది శాతం పరిమితి పాటించినవాళ్ల పోర్ట్‌ఫోలియోలో పోయింది 8 శాతంలోపు. నలభై శాతం పెట్టినవాళ్లకు 31 శాతం. ఎంత చదివినా, ఎంత విశ్లేషించినా పట్టుకోలేని మోసం ఉంటుంది. దానికి మందు పరిమితి ఒక్కటే. హైదరాబాద్‌లో అయితే ఇంట్లో అమ్మానాన్నలను దీని గురించి అడిగి రమ్మనండి, చాలా ఇళ్లలో ఒక కథ దొరుకుతుంది.

అడుగు 5: తర్వాతి 6 వారాలు, ఇప్పటి మార్కెట్

మొదటి రోజు రెండు అదనపు పోర్ట్‌ఫోలియోలు మీరే పెట్టండి. ఒకటి మొత్తం నిఫ్టీ ఈటీఎఫ్. రెండోది చీటీల పోర్ట్‌ఫోలియో. నిఫ్టీ 100 పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి, అటెండర్‌తో 15 తీయించి సమాన మొత్తాల్లో కొని 6 వారాలూ ముట్టుకోకుండా వదిలేయండి. ఇది కొన్ని గ్రూపుల్ని దాటేస్తుంది, అందులో వింతేమీ లేదు. కానీ వారంవారం బోర్డు మీద "చీటీలు" అన్న పేరు తమ పైన కనబడుతుంటే పిల్లలకు అదృష్టానికీ నైపుణ్యానికీ తేడా ఎలా చెప్పాలన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. 6 వారాల లాభం చూసి మార్కులు వేయడమంటే టాస్ గెలిచిన కెప్టెన్‌కు మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఇవ్వడమే.

వారానికి ఒక పీరియడ్ స్లిప్పుల చర్చకు చాలు. రెండు మూడు స్లిప్పులు పేర్లు చెప్పకుండా చదివి, కారణం నిలుస్తుందా లేదా అని మాట్లాడించండి. ఫలితం చెప్పకముందే మాట్లాడించాలి. లాభం వచ్చిందని తెలిశాక ప్రతి కారణమూ గొప్పగానే వినిపిస్తుంది. ఎన్నికల ఫలితాల సమయం వస్తే 2024 జూన్ ఉదాహరణ వాడండి. ఎగ్జిట్ పోల్స్ నమ్మి జూన్ 3న నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగింది, మర్నాడు లెక్కింపు రోజు దాదాపు 6 శాతం పడింది. 3వ తేదీ సాయంత్రం రాసిన స్లిప్పులో "ఏం జరిగితే మన ఆలోచన తప్పు" గడిలో ఏముండాలో రాయమనండి.

రీబ్యాలెన్సింగ్, అంటే వాటాలను అనుకున్న శాతాలకు మళ్లీ సర్దడం, ఒక్కసారైనా చేయించాలి. మార్కెట్ కలిసి రాకపోతే కాగితం మీదైనా సరే. 60-30-10 అనుకున్న గ్రూపుకు షేర్లలో 3 లక్షలు, డిపాజిట్లలో లక్షన్నర, బంగారంలో 50 వేలు. షేర్లు 30 శాతం పెరిగితే అవి 3.9 లక్షలు, మొత్తం 5.9 లక్షలు, షేర్ల వాటా 66 శాతం. ఐదు పాయింట్లకు మించి జరిగితే సర్దాలని విధాన పత్రంలో ఉంటే ఇప్పుడు రూ. 36 వేల షేర్లు అమ్మాలి. బాగా పెరుగుతున్నదాన్ని అమ్మమంటే గ్రూపులో గొడవ మొదలవుతుంది. ఎవరు ఏమన్నారో వాళ్లనే రాసుకోమనండి.

అలాగే లాభంలో ఉన్నవి తొందరగా అమ్మి నష్టంలో ఉన్నవి పట్టుకు వేలాడటం కూడా మీరు చూస్తారు. దానికి షేర్ల మార్కెట్ పరిశోధనలో డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరుంది, 1985 నుంచి దాని మీద రాస్తున్నారు. పన్నెండో వారం చివర్లో ప్రతి గ్రూపూ తన అమ్మకాలు లాభంవి ఎన్ని, నష్టంవి ఎన్ని అని లెక్కబెట్టుకోవాలి. ఎక్కువగా కొని అమ్మే గ్రూపులకు బార్బర్, ఓడీన్ అనే ఇద్దరు ప్రొఫెసర్ల ఫలితం చెప్పండి. 1991 నుంచి 1996 దాకా అమెరికాలో 66 వేలకు పైగా కుటుంబాల ఖాతాలు చూస్తే, అందరికంటే ఎక్కువ ట్రేడ్ చేసినవాళ్లకు ఏడాదికి 11.4 శాతం వచ్చింది, మార్కెట్‌కు 17.9 శాతం వచ్చింది.

అడుగు 6: కొలవడం

రాబడి ఒక్కటే చూపిస్తే మళ్లీ పందెంలోకి జారిపోతాం. రెండు గ్రూపులూ 5 లక్షలను 5.3 లక్షలు చేశాయనుకోండి. ఒకదాని విలువ మధ్యలో 4.9 లక్షల కిందకు దిగలేదు. రెండోది 4.1 లక్షలకు దిగి పైకొచ్చింది. రెండోదాని పతనం 18 శాతం, ఆ గుంటలోంచి మళ్లీ 5 లక్షలకు రావాలంటే 22 శాతం పెరగాలి. టీచరమ్మకు ఈ రెండూ ఒకటేనా? ప్రతి గ్రూపూ తన అతిపెద్ద పతనాన్ని లెక్కించి, విధాన పత్రంలో "ఇంతవరకు తట్టుకుంటాం" అని రాసిన అంకె పక్కన పెట్టాలి.

షార్ప్ రేషియో (తీసుకున్న రిస్కుకు తగ్గ రాబడి వచ్చిందా అని చెప్పే కొలత) సిలబస్‌లో ఉంటుంది కాబట్టి నేర్పండి, అయితే 6 వారాల డేటా మీద కాదు. ఆరు అంకెలతో వచ్చే స్టాండర్డ్ డీవియేషన్‌కు (రాబడుల ఎగుడుదిగుడుల కొలత) అర్థం లేదు. పాత మార్కెట్ 24 నెలల రాబడుల మీద వేయించండి. నెలవారీ డీవియేషన్ 4 శాతమైతే 12 వర్గమూలంతో గుణిస్తే ఏడాదికి దాదాపు 14 శాతం. వార్షిక రాబడిలోంచి ఎఫ్‌డీ రేటు తీసేసి దీంతో భాగించాలి. పోల్చేటప్పుడు నిఫ్టీ మామూలు సూచీ కాకుండా డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ సూచీ వాడండి. క్లయింట్‌కు నెలనెలా డబ్బు తీసిచ్చిన గ్రూపులు ఆ మొత్తాన్ని కలుపుకుని రాబడి లెక్కించాలి, లేకపోతే టీచరమ్మ గ్రూపు ఊరికే వెనకబడినట్టు కనబడుతుంది.

అడుగు 7: మార్కులు

విధాన పత్రానికి 20, ఆర్డర్ స్లిప్పులకు 30, పరిమితులు పాటించి రీబ్యాలెన్స్ చేసినందుకు 20, రిస్కు లెక్కలకు 15, క్లయింట్‌కు చివరి ఉత్తరానికి 15. లాభానికి సున్నా. ఈ సున్నాను మొదటి రోజే బోర్డు మీద రాయాలి. నమ్మరు, రెండో వారంలో మళ్లీ రాయాలి.

ఉత్తరం తెలుగులోనే ఉండాలి. ఆల్ఫా, బీటా, వోలటిలిటీ అంటూ మిర్చి రైతుకు రాస్తే మార్కులు పోతాయి. "మీ 5 లక్షలు ఇప్పుడు ఇంత. ఇంత తగ్గింది, కారణం ఇది. జూన్‌లో మీకు కావాల్సిన 2 లక్షలు లిక్విడ్ ఫండ్‌లో పెట్టాం, రెండు రోజుల ముందు చెబితే మీ ఖాతాలో పడతాయి" అన్నట్టు ఉండాలి. సబ్జెక్టు అర్థమైనవాళ్లకే అంత తేటగా రాయడం వస్తుంది. ఇంటర్నెట్‌లోంచి ఎత్తి రాసినవాళ్లు ఇక్కడ ఇట్టే దొరికిపోతారు.

చివరి పీరియడ్‌లో "ఇక నిజం డబ్బుతో మొదలుపెట్టొచ్చా సార్?" అన్న ప్రశ్న వస్తుంది. అవుననో కాదనో చెప్పకుండా ముందు చూసుకోవాల్సినవి చెప్పండి. సొంత సంపాదన ఉందా, ఆరు నెలల ఖర్చు పక్కన ఉందా, సలహా ఇస్తున్నవాడి సెబీ రిజిస్ట్రేషన్ నంబర్‌ను సెబీ వెబ్‌సైట్‌లో చూశారా, హామీ రాబడి అన్న మాట ఎక్కడైనా వినబడిందా. సెబీ, దాని శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం కలిసి నడిపే ఉచిత ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్ష ఒకటుంది, ఆసక్తి ఉన్నవాళ్లతో రాయించండి.

షీట్లు మాత్రం తుడిచేయొద్దు. చివరి రోజున్న నిల్వలతోనే వాటిని లాక్ చేసి డిపార్ట్‌మెంట్ డ్రైవ్‌లో ఉంచండి. ఏడాది తర్వాత కొత్త బ్యాచ్‌కు మొదటి అసైన్‌మెంట్‌గా ఇవ్వండి. సీనియర్లు స్లిప్పుల్లో రాసిన కారణాలు ఒకవైపు, ఏడాది తర్వాతి ధరలు ఇంకోవైపు పెట్టి ఏ కారణాలు నిలిచాయో, వేటికి అదృష్టం కలిసొచ్చిందో వాళ్లు తేల్చి రావాలి.